తొట్టెలలో గొంగడి

మారెమ్మకు కాలు ఒక్కచోట నిలిచేది కాదు. అన్నం తింటూ తింటూ మధ్యలో లేచి వాకిట్లోకి పోయి, మబ్బు పట్టిందేమో చూసి వచ్చి మళ్లీ కూర్చునేది. జొన్నకోతకు పోతే అందరికంటే ముందు తన సాలు ముగించి, వెనకబడ్డవాళ్ల సాళ్లు కూడా కోసిపెట్టేది. వాళ్ల మీద ప్రేమతో కాదు, ఊరికే నిలబడలేక. బాప్తిస్మం ఇచ్చిన నాడు పాస్టరయ్య ఆమెకు మార్త అని పేరు పెట్టాడు. పాస్టరయ్య ఒక్కడే ఆ పేరుతో పిలిచేవాడు. మిగతా ఎర్రగుంటపల్లె మొత్తానికీ ఆమె మారెమ్మే.

ఆ తత్తర ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు. పడుచుదనంలో ఒకే వానకాలంలో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోయారు. మొదటివాడు పోయినప్పుడు ఆమె కలుపుకు పోయి ఉంది. రెండోది పోయినప్పుడు పక్కనే కూర్చుని కునుకు తీసింది. ఆనాటి నుంచి ఆమెకు కూర్చోవడమంటేనే భయం పట్టుకుంది. మూడోవాడు ఎల్లస్వామికి జ్వరం తగిలితే ఎవరినీ అడగకుండా వాణ్ణి భుజాన వేసుకుని నల్లగొండ మిషన్ దవాఖానకు నడిచిపోయింది. వాడు బతికాడు. తర్వాత కూతురు యాదలక్ష్మి పుట్టింది. ఆ ఇల్లు యేసు పేరెత్తుకున్నది ఎల్లస్వామి బతికినప్పుడే. మొగుడు భీమయ్య మాట తక్కువ మనిషి. తెల్లారితే దొర గడీకి వెట్టికి పోయేవాడు, పొద్దుగూకినాక వచ్చేవాడు. ఇంటి ఫికరంతా మారెమ్మదే.

ఇదంతా మర్రిగూడ దిక్కున, నిజాం జమానాలో. సంఘమని, రజాకార్లని ఆ పల్లెల్లో ఇంకా ఎవరూ అనని రోజులు.

యాదలక్ష్మిని బోడగుట్ట సైదులుకు ఇచ్చారు. సైదులు కూడా బాప్తిస్మం తీసుకుని అత్తగారింటనే ఉండిపోయాడు. అందుకు అతని తల్లి హనుమమ్మ మండిపడి కొడుకుతో మాట మానేసింది. మనవడు పుట్టినప్పుడు ఒకసారి, వానకాలంలో ఇంకోసారి మాత్రం కట్టె పొడుచుకుంటూ వచ్చింది. ఆ రెండోసారి మారెమ్మతో పెద్ద లడాయే అయింది. పోతూ పోతూ హనుమమ్మ, "గీ పల్లెల మల్ల కాలు వెట్టను" అని పుడిసెడు మన్ను తీసి ఊదేసింది.

పిల్లవాడికి దావీదు అని పేరు పెట్టుకున్నారు. గుండ్రటి మొహం, చెవుల మీదికి దిగిన నల్లటి జుట్టు. ఆ ఏడు క్రిస్మస్ ఆటలో బాలయేసు వాడే. ఆట చూడడానికి నల్లగొండ నుంచి దవాఖాన దొరసాని వస్తున్నదని తెలిసి పల్లె పల్లెంతా అలుకు పూతల్లో పడింది. పక్కనున్న పాలమ్మగూడెంలోనూ అదే ఆట. అక్కడ చంటిబిడ్డ లేడు. ఒక్క పూటకు దావీదును ఇమ్మని వాళ్లు బావి దగ్గర అడిగితే మారెమ్మ, "పిలగాడేమన్న కిరాయి బండా?" అని కొట్టబోయి చెంబు ఎత్తింది.

రేపు పండుగ అనగా పొద్దున్నే సైదులు బెల్లం కోసం మర్రిగూడ పోయాడు. చుక్కకు రంగు కాగితాలు తెస్తానని ఎల్లస్వామి కూడా ఎటో బయలుదేరాడు. యాదలక్ష్మి నీళ్లకు పోయింది. మారెమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ, లోపలి తొట్టెల తాడును కాలి బొటనవేలికి కట్టుకుని ఊపుతూ ఉంది. జోల పాడింది, మధ్యలో ఆపి పక్కింటావిడ మీద కేకలేసింది, మళ్లీ పాడింది. బియ్యం అయిపోయాయి, పప్పు అయిపోయింది. ఇంతసేపు ఏడవకుండా ఎట్లా పడుకున్నాడని అనుమానమొచ్చి కాలి తాడు విప్పుకుంది. లేచిపోయి తొట్టెల విప్పి చూసింది.

లోపల చుట్టగా చుట్టిన గొంగడి ఉంది. పిల్లవాడు లేడు.

మారెమ్మ వేసిన కేకకు బావి దగ్గర యాదలక్ష్మి చేతిలో కుండ జారిపోయింది. క్షణంలో పల్లె అంతా ఆ ఇంటి ముందు చేరింది. తోడేలని ఒకరు, నక్క అని ఒకరు. "నక్క గొంగడి చుట్టి పోతదా?" అని మారెమ్మ వాళ్ల మీద విరుచుకుపడింది. ఎత్తుకుపోయినవాడు మనిషే. అది తెలిసినకొద్దీ ఆమె కాళ్లు ఇంకా ఆగలేదు. ఇంటి చుట్టూ తిరిగింది, గడ్డివాము పొడిచి చూసింది, చూసినచోటే మళ్లీ చూసింది.

దొరసాని వస్తున్నదని బందోబస్తుకు ఠాణా నుంచి జమేదారు రహీముద్దీన్ అప్పటికే ఊళ్లో దిగి ఉన్నాడు. బొద్దు మనిషి, గోరింటాకు పెట్టిన మీసం. పోలీసు పటేలు ఇంట కోడికూర ఉడుకుతుంటే ఆ వాసన వదిలి రావలసి వచ్చిందన్న కోపం మొహంలో కనబడుతూనే ఉంది. కానీ పని మొదలుపెట్టాక అతను వేరే మనిషి. తొట్టెల చూశాడు, వెనక తలుపు చూశాడు, గొంగడి విప్పి దులిపాడు.

"గీ గొంగడి ఎవరిది?"

"మాదే సాబ్. మా ఇంటాయనది."

"ఏడుంటది?"

"లోపటి అర్రల, దండెం మీద."

"మీ కుక్క మొరిగిందా?"

"మొరగలే."

జమేదారు మీసం సవరించుకున్నాడు. "చీకటి అర్రల దండెం ఏడున్నదో తెలిసినోడు. కుక్క తోక ఊపేటోడు. దొంగ బయటోడు కాదమ్మా. ఇంటోడే."

మారెమ్మ మొహం ఎర్రబడింది. "మా ఇంట్ల దొంగలున్నరంటవా సాబ్? పాలమ్మగూడపోళ్లు నిన్నగాక మొన్న పిలగాన్ని అడిగిన్రు. నేను ఇయ్యనన్న. ఇంకెవలు తీస్కపోతరు?" అంటూనే కొంగు నడుముకు దోపి బయలుదేరింది.

ఈమె అక్కడికి పోయి తలకాయలు పగలగొడితే రేపు దొరసాని ముందు జవాబు చెప్పవలసింది తనే. జమేదారు నిట్టూర్చి వెంట నడిచాడు. కంది చేల మధ్య బాట. బూట్లలో ఎర్రమట్టి, నెత్తిన ఎండ. "ఠైరో అమ్మా, ఠైరో" అని అతను అంటుంటే ఆమె వినిపించుకోకుండా ముందుకు, మళ్లీ అతను మరీ వెనకబడ్డాడని చూసి వెనక్కు, ఒకే బాటను రెండుసార్లు నడిచినంత పని చేసింది. దారి పొడుగునా ఆమె నోట్లో ప్రార్థన, తిట్టు కలిసిపోయి వస్తున్నాయి.

పాలమ్మగూడెంలో పశువుల కొట్టం సింగారించి ఉంది. నడుమ గడ్డి, గడ్డిలో తెల్లటి గుడ్డలో చుట్టిన పసిగుడ్డు. మారెమ్మ ఒక్క ఉరుకు ఉరికి ఎత్తుకుని, గుండెకు అదుముకుని, గుడ్డ లాగింది.

సొరకాయ. కాటికతో కండ్లు, ముక్కు దిద్ది ఉన్నాయి.

అక్కడున్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మారెమ్మ సొరకాయను ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడింది. నవ్వబోయిన జమేదారు ఆమె కళ్లు చూసి మానుకున్నాడు.

ఆ గూడెం పెద్దమనిషి జానయ్య విషయం విని నొచ్చుకున్నాడు. "మేము గసుంటి పని జేస్తమా అక్కా? నువ్వు ఇయ్యనన్నంక గీ కాయనే దిక్కని తయారు చేసుకున్నం. మాకు ఏదీ కలిసి రాలే ఈ పండుగకు. నా గడ్డం సూడు. గుర్వయ్య పొద్దుగాల వస్తనన్నడు. గిప్పటిదాక పత్త లేడు."

అంటు అని ఊరి మంగలి ఈ పల్లెల్లోకి రాడు. తమలోవాడే అయిన గుర్వయ్య కత్తి పట్టుకుని రెండు పల్లెలకూ గడ్డాలు గీసేవాడు. ఆ మాట వినగానే జమేదారు చెయ్యి తన చెంప మీదికి పోయింది. అతనికి కూడా పొద్దున గీస్తానని చెప్పి గుర్వయ్య రాలేదు.

"రేపు పండుగ. రెండు పల్లెలల్ల గడ్డాలు ఎదురు సూస్తున్నయి. గీ పొద్దే కత్తి వట్టుకొని ఏడికి పోయిండు?" అని జమేదారు తనలో తను అనుకున్నట్టు పైకే అన్నాడు. "గడ్డాలు ఇడిసిపెట్టి ఇంకేం గొరుగుతడు?"

మారెమ్మ చేతిలో సొరకాయ ఉంది. నున్నగా, గుండుగా. ఆమె దాన్ని చూసింది. ఒక్కసారిగా కొట్టంలో నుంచి బయటికి నడిచి, మళ్లీ లోపలికి వచ్చింది.

"పుట్టెంటికలు!" అంది.

"క్యా?"

"పుట్టెంటికలు సాబ్! మా వియ్యపురాలు హనుమమ్మ వానకాలంల వచ్చి అడిగింది. పిలగాని పుట్టెంటికలు ఎల్లమ్మకు మొక్కిన, ఇయ్యాలె అన్నది. మా ఇంట్ల మొక్కులు లెవ్వు పో అన్న. లడాయి అయింది."

"మరి ఆమె మీ ఇంట్లకు వచ్చిందా? కుక్క ఊకుంటదా?"

"ఆమె రాదు. రానని మన్ను ఊదింది." మారెమ్మ సొరకాయను కిందికి దించింది. "పుట్టెంటికలు తియ్యాల్నంటె మేనమామ ఒడిల కూసొవెట్టుకోవాలె. మొదటి కత్తెర మేనమామదే. ఆయన లేకుంటె మొక్కు చెల్లదు."

జమేదారు ఆమె వంక చూశాడు. ఆమె కొడుకు ఎల్లస్వామి, దావీదుకు ఉన్న ఒకే ఒక్క మేనమామ, రంగు కాగితాలకని పోయి ఉన్నాడు.

"దొంగ ఇంటోడే సాబ్" అని మారెమ్మ ఒప్పుకుంది. అని, సొరకాయ జానయ్య చేతిలో పెట్టి హనుమమ్మ ఉండే బోడగుట్ట బాట పట్టింది. జమేదారు ఈసారి ఆగమనలేదు. బూట్లు విప్పి చేతపట్టుకుని ఉరికాడు.

గుట్ట కింద, రెండు బండల నడుమ ఎల్లమ్మ జాగా. దూరం నుంచే పిల్లవాడి ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు విన్నాక మారెమ్మకు ఊపిరి ఆడింది. దగ్గరికి పోయి చూస్తే ఎల్లస్వామి బాసింపట్టు వేసుకుని, ఒడిలో దావీదును పట్టుకుని, తల్లిని చూసి బిగుసుకుపోయాడు. గుర్వయ్య కత్తి గాలిలోనే ఆగింది. పిల్లవాడి తల ముందు సగం నున్నగా అయిపోయింది, వెనక సగం జుట్టు అట్లాగే ఉంది. పక్కన నడుము వంగిపోయిన హనుమమ్మ తన కట్టె మీద ఒరిగి నిలబడి ఉంది. ఆ దిక్కు నీళ్లు తాగినవాళ్లందరి నడుములూ ఆ వయసుకు అట్లాగే వంగుతాయి.

"దొంగముండకొడకా!" అని మారెమ్మ కొడుకు మీదికి చెయ్యెత్తింది.

"అమ్మా, ఆగు. జర ఆగు. కత్తి ఉన్నది" అన్నాడు ఎల్లస్వామి.

"వాన్ని అనకు వదినె" అంది హనుమమ్మ. "నేనే రమ్మన్న. వాడు రానన్నడు. నేను ఏడ్సిన, అందుకు వచ్చిండు."

"నా ఇంట్లకెల్లి పిలగాన్ని ఎత్తకచ్చి ఏడుస్తన్నవా? నా పానం పోయింది! నా బిడ్డ బావికాడ పడి పొర్లుతున్నది!"

"నీ బిడ్డ కోసమే మొక్కిన." హనుమమ్మ గొంతు లేవలేదు. "గా నాడు యాదలక్ష్మి రెండు పొద్దులు నొప్పులు పడ్డది యాదికున్నదా? తల్లీ పిల్లా దక్కరని మంత్రసాని అన్నది. నువ్వు మీ పాస్టరుతోని మోకాళ్ల మీద కూసున్నవు. నేను ఇండ్లకు రాకుంట గీ బండకాడికి వచ్చిన. పిల్లను బతికియ్యి, పిలగాని ఎంటికలిస్త అన్న. బతికింది. మరి ఇయ్యకుంట ఎట్లుండాలె? ప్రతి దినం భయమే వదినె. ఆమెకు దగ్గు పట్టిందని ఎవలో అన్నరు, గప్పటిసంది నాకు నిద్ర లేదు."

మారెమ్మ ఎత్తిన చెయ్యి దించింది. నిద్ర లేని రాత్రులంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. తన ఒక్కదానికే ఆ బాధ అనుకుని ఇన్నేళ్లు ఈ నేల మీద తిరిగింది. ఇక్కడ ఇంకొక ముసలిది, నడుము వంగి, మారెమ్మ కూతురి దగ్గు గురించి దడుచుకుంటూ ఉంది.

దావీదు సగం గుండుతో ఏడుపు ఆపి అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. జమేదారుకు ఆపుకోలేని నవ్వొచ్చి అటు తిరిగాడు.

మారెమ్మ ఎల్లమ్మ బండ వైపు చూడకుండా, పక్కకు తిరిగి నిలబడి అంది. "సగం గుండుతోని దొరసాని ముంగట ఎట్ల పండవెట్టాలె? కానియ్యి గుర్వయ్యా. జల్ది కానియ్యి. నేను మాత్రం సూడ."

చూడనంది గానీ, కత్తి కదిలినంతసేపూ "పైలం, చెవి పైలం" అంటూనే ఉంది. అయిపోయాక హనుమమ్మ బిడ్డ తలకు పసుపు రాసింది. మారెమ్మ వద్దనలేదు.

జమేదారు బండ మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటూ, "కేసు రాయాల్నా?" అని అడిగాడు.

"ఎవల మీద సాబ్? దొంగ నా కొడుకు. సొమ్ము నా మనుమడు" అంది మారెమ్మ.

"అయితే నా ఉడికిన కోడి సల్లారిపోయింది, గా బాకీ ఎవలు తీరుస్తరు?"

హనుమమ్మ ఎల్లమ్మకు కోసిన కోడిని చూపించింది. జమేదారు సంతోషంగా ఒప్పుకున్నాడు. గుర్వయ్య అక్కడికక్కడే అతని గడ్డం గీశాడు.

మర్నాడు ఆట బాగా జరిగింది. పసుపు గుండు బాలయేసు గడ్డిలో పడుకుని జ్ఞానుల గడ్డం పట్టి లాగాడు. దొరసాని వంగి చూసి, పుస్తకాల తెలుగులో, "ఈ బాలుని శిరస్సునకు ఏమి సంభవించెను?" అని అడిగింది. పాస్టరయ్య మొహం తెల్లబోయింది. మారెమ్మ తడుముకోకుండా, "నెత్తిల పేండ్లు పడ్డయి దొరసాని" అంది. పండుగ పూట ప్రార్థన గుడిసెలో అబద్ధమాడినందుకు ఆ రోజంతా ఆమెకు ముద్ద దిగలేదు. పొద్దు వాలినాక పాస్టరయ్య దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన అంతా విని, యాదలక్ష్మి దగ్గు తగ్గిందా అని మాత్రం అడిగాడు.

ఎల్లస్వామితో మారెమ్మ నెల రోజులు సరిగా మాట్లాడలేదు. సైదులు మాత్రం ఆ వారమే పోయి తల్లిని పలకరించాడు.

తర్వాత చాలా ఏండ్లకు, రజాకార్లు ఊళ్ల మీద పడ్డప్పుడు ఎర్రగుంటపల్లె ఖాళీ అయింది. మారెమ్మ పిల్లలందరినీ వెంటేసుకుని హనుమమ్మ ఇంటికే పోయింది. ఆ చిన్న గుడిసెలో ఇద్దరు ముసలమ్మలు ఒక మూల పడుకున్నారు. బయట ఏ చప్పుడైనా ఇద్దరూ ఒక్కసారే లేచేవాళ్లు. ఒకావిడ తలుపు దగ్గరికి, ఇంకొకావిడ పిల్లల దగ్గరికి. తెల్లారి జొన్న గటక ముందర పెట్టుకుని, ఎవరి దేవుడికి ముందు దండం పెట్టాలని తగవు పడేవాళ్లు. ఆ తగవు తెగేలోపల గటక చల్లారేది, పిల్లలు దాన్ని తినేసేవాళ్లు.