నూనె రాయని స్వస్థత

సహోదరీ సహోదరులారా, మా ఆయన ఒంటికి చర్మం తిరిగి వచ్చిన సంగతి మన సంఘంలో చాలామంది చెబుతుంటారు. ప్రార్థన నూనె రాయగానే కాలిన చోటంతా తెల్లారేసరికి మూసుకుపోయిందట! అలా జరగలేదు. అసలు నూనే రాయలేదు. రాయనివ్వనిది నేనే కాబట్టి నా మాట వినండి.

తొంభైల మొదట్లో ఒక చలికాలం పొద్దున, మా రైల్వే క్వార్టరులో బొగ్గుల సిగిడీ, అదే కుంపటి, రాజుకోవడం లేదని మా ఆయన కిరోసిన్ పోశారు, అడుగున నిప్పు ఉందని చూసుకోలేదు, భగ్గున లేచిన మంట ఛాతీ, పొట్ట, చేతులు, తొడలు కాల్చేసింది. ఇక్కడి డాక్టర్లు బొంబాయి పంపారు. వేరే చోటి చర్మం తీసి అతికిద్దామంటే సరిపడా మిగల్లేదు, పుండ్లు మూసుకోకపోతే మనిషి దక్కడని అక్కడివాళ్లు చెప్పేశారు. "తండ్రీ, ఆయన ఒంటిని కప్పు" అనడం తప్ప నాకు వేరే ప్రార్థన రాలేదు.

అప్పుడు అక్కడి డాక్టరమ్మ ఒక సంగతి చెప్పింది. చంక కింద కాలకుండా మిగిలిన చోటినుంచి తపాలా బిళ్ళంత చర్మం తీసి ప్రయోగశాలలో పెంచుతారట. కొత్త చర్మాన్ని పుట్టించే మూలకణాలు అందులో ఉంటాయి, వాటికి ఆహారం, వెచ్చదనం ఇస్తే గాజు పళ్లెంలో పొరలా అల్లుకుంటాయట. బీఎస్సీ చదివినదాన్నే అయినా నమ్మలేదు, ఆవిడతో వాదించాను. మూడు వారాలకు అద్దం అవతలినుంచి చూపించింది: పాల మీద మీగడకన్నా పలచన! ఆ పొరలు మా ఆయన ఒంటి మీద పరిచారు. అంటుకునేదాకా ఎవరి చెయ్యీ తగలకూడదు, రాపిడికి పొర లేచిపోతుందన్నారు.

సరిగ్గా అప్పుడు మనవాళ్లు దిగారు! రైల్వే పాసులున్నాయి కదా, సగం సంఘం రైలెక్కేసింది. అందరికన్నా ముందు సంఘపెద్దగారి భార్య సుగుణమ్మత్త, చేతిలో నూనె సీసా. నేను వార్డు తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

"ఏటే ఇది? ఇంత దూరం వచ్చి, మీద చేతులుంచకుండా పోమంటావేటి?"

"చేతులుంచితే చర్మం మీ చేతికే వచ్చేస్తాది అత్తా. ఇక్కడే నిలబడి చెయ్యండి."

"అచ్ఛా! డాక్టరమ్మ మీదున్న నమ్మకం దేవుడి మీద లేదన్నమాట."

"దేవుడికి తలుపు అడ్డమేటత్తా? మీకే అడ్డం."

అత్త అలిగింది, కానీ వెళ్లిపోలేదు. అందరూ వరండాలోనే మోకరించారు. "తండ్రీ, మేం ముట్టుకోలేం, నువ్వు ముట్టుకో" అని చివరికి ఆవిడే ప్రార్థించింది. అంత చక్కని ప్రార్థన ఆవిడ నోట నేను మళ్లీ వినలేదు.

కట్టు విప్పితే పొర చాలా చోట్ల అంటుకుంది, కొన్ని చోట్ల లేచిపోయింది, మళ్లీ పెంచారు, మళ్లీ పరిచారు. మచ్చలున్నాయి, కుడి చెయ్యి పూర్తిగా పైకి లేవదు. అయినా మనిషి దక్కారు, మళ్లీ డ్యూటీకెక్కారు, మహిమంతా దేవునిదే! పళ్లెంలో జరిగింది కాబట్టి అది దేవుడి పని కాదనేవాళ్లతోనే నాకు పేచీ. మీ ఇంట్లో జబ్బుంటే దేవుణ్ణి నమ్మండి, డాక్టరు చెప్పినదీ చెయ్యండి, నమ్మినవాళ్లని దేవుడు సిగ్గుపరచడు.

ఒక్కటే నాకు తెలియడం లేదు. నా చిన్నప్పుడు మా పెద్దక్క పొయ్యి మంటకి కాలి చనిపోయింది. ఆ కణాలు దాని ఒంట్లోనూ ఉన్నాయి, దాని కోసమూ ఇంటిల్లిపాదీ మోకరించాం. వాటిని మనిషి చర్మంలో ఆదినుంచీ దాచిన దేవుడు, పెంచే తెలివిని ఇంత ఆలస్యంగా ఎందుకిచ్చాడు?