నాలుగేళ్ల వల

ఇప్పుడు మీకొక పురాణం చెప్పబోతున్నాను. ఇందులో ఒక నది ఉంది, మాట తప్పని ఒక పెద్దాయన ఉన్నాడు, నిండు సభ ఉంది, ఆ సభలో నోరు విప్పిన ఒక కోడలు ఉంది, చివర్లో ఒక వంశం మొత్తం నాశనమైపోవడం కూడా ఉంది. కాస్త సర్దుకుని కూర్చోండి. కూర్చున్నారు గనుక ఇక నిజం చెప్పేస్తాను: సభ జరిగింది మా ఇంటి వాకిట్లో, పెద్దాయన మా మామ, కోడలిని నేను, నాశనమైన వంశం చేపలది.

మొన్న ఆదివారం చంద్రపూర్ బజారుకు పోయాను. చేపలమ్మే వరుసలో ఒకామె ఐసు పెట్టె మూత తీసి, సముద్రం నుంచి వచ్చాయంటూ చందువ చేపల్ని వెండి బిళ్లల్లా పేర్చిపెట్టింది. మా జిల్లాకు సముద్రం ఎటు చూసినా ఒక రోజు ప్రయాణం, నేనైతే దాన్ని టీవీలో తప్ప చూడలేదు, అయినా అంత దూరం వచ్చిన చేప కదా అని మర్యాదకు వంగి చూశాను. నాకు తెలియకుండానే నా చెయ్యి పోయి ఒక చేప మీద నాలుగు వేళ్లు ఆనించింది. చేప మూడు వేళ్లకే అయిపోయింది, నాలుగో వేలు ఐసును తాకింది.

"గది చాప, జాకెట్ గుడ్డ గాదు, కొలుసుడేంది ఆజీ? తీసుకుంటె తీసుకో, లేకుంటె చెయ్యి తియ్యి, ఐసు కరుగుతది," అంది ఆమె. ఆజీ అంటే ఇక్కడి మరాఠీలో అవ్వ.

చెయ్యి తీశాను. కొత్తిమీర కొనుక్కుని ఇంటికొచ్చాను. బస్సులో మాత్రం ఆ నాలుగో వేలు చాలాసేపు చల్లగానే ఉండిపోయింది, ఆ చల్లదనం పోయేలోపు ముప్పై ఏళ్ల కిందటి సంగతులు ఒక్కొక్కటే పైకి తేలాయి.

దేశం తలుపులు తెరిచిందని చదువుకున్నవాళ్లంతా చెప్పుకుంటున్న రోజుల్లో నేను ఆదిలాబాద్ వైపు నుంచి సరిహద్దు దాటి, మరాఠీ రాష్ట్రంలో రాజురా దగ్గర వార్ధా నది ఒడ్డున ఉన్న ఊరికి కోడలిగా వచ్చాను. తలుపులు ఎవరికి తెరిచారో గానీ, వాటిలోంచి మా ఊరికి మొదట వచ్చింది నైలాను వల. అంతకుముందు వలలన్నీ నూలువి, ఇంట్లోనే అల్లేవాళ్లు. మా మామ అరుగు మీద కూర్చుని ఒక చెక్క ముక్క చుట్టూ దారం తిప్పుతూ ముడులు వేసేవాడు, తుమ్మ బెరడు ఉడికించిన నీళ్లలో వలను ముంచి ఎండబెట్టేవాడు, ఆ వాసనకు నాకు పెళ్లయిన కొత్తలో అన్నం సహించేది కాదు. నా భర్త బొగ్గు గనిలో పనికి పోయేవాడు గనుక ఈ కథలో ఆయనకు పాత్ర లేదు, ఆ సంగతి ఆయన ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

వలలో ఉండే రంధ్రాన్ని కన్ను అంటారు. వలకు అన్నీ కళ్లే, అయినా ఏది పిల్లో ఏది తల్లో దానికి కనిపించదు, ఆ చూపేదో మనిషే చూడాలి. అందుకని మా మామ పెట్టుకున్న నియమాలు రెండు: కన్ను నాలుగు వేళ్ల వెడల్పుకు తగ్గకూడదు, ఎండాకాలంలో ఏరు ఎండి చేపలన్నీ మడుగులోకి చేరినప్పుడు తొలి వరద పోయేదాకా అక్కడ వల వేయకూడదు. ఆయన చదువుకోలేదు, కానీ చేపల సంఘానికి పెద్ద, ఆయన మాటను ఊళ్లో బెస్తలంతా పంచాంగంలా నమ్మేవాళ్లు. పంచాంగాన్ని నమ్మినట్టే, తమకు వీలున్నంతవరకు.

వీలు తప్పడం ఐసు బండితో మొదలైంది. కరెంటు ప్లాంటువాళ్ల ఊర్జానగర్ కాలనీలో ఉద్యోగస్తులు పెరిగారు, ఆదివారం చేపల కూర తినేవాళ్లూ పెరిగారు, చంద్రపూర్ నుంచి ఒక వ్యాన్ ఐసు పెట్టెలతో మా ఒడ్డుకే రావడం మొదలుపెట్టింది. సైకిల్ మీద బుట్ట పెట్టుకుని తిరిగినన్నాళ్లు చేపలు మిగిలిపోయేవి, వ్యాన్ వచ్చాక పెట్టెలు మిగిలిపోయేవి. మా మరిది చంద్రపూర్ పోయి సన్న కన్నుల నీలం నైలాను వల తెచ్చాడు, అతన్ని చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి పక్కింటివాళ్లు తెచ్చుకున్నారు. అప్పుడు మా మామ సంఘాన్ని మా వాకిట్లో కూర్చోబెట్టాడు. మగవాళ్లు ముందర, మేము వెనక గోడ వారన. నేను అప్పుడు అయిదో నెల కడుపుతో ఉన్నాను.

"నాలుగేళ్ల కన్నుకు తక్కువున్న వల ఏట్ల దిగద్దు," అన్నాడు మా మామ. "గా కన్నులకెల్లి తప్పించుకపోయేది ఇంక ఒక్క కాన్పు గూడ కాని చాప. ఒక్కపారన్న గుడ్లు పెట్టనియ్యుండ్రి, ఆమీద మీ ఇష్టం."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వైపు వేళ్లనూ ఏళ్లనే అంటాం, సంవత్సరాలనూ ఏళ్లనే అంటాం. మా మరిది లేచి ఆ మాటను పట్టుకున్నాడు.

"నాలుగేళ్లు సరే బాపూ, ఎవలి ఏళ్లు? నీ నాలుగేళ్లంటె మాకు ఆరు!"

అందులో అబద్ధం లేదు, మా మామ చెయ్యి చేటంత ఉండేది. కొందరు నవ్వారు, కొందరు తలలు వంచుకున్నారు. ఆయన మాత్రం నవ్వకుండా, చేప తల్లి కావాలి, తల్లి అయితేనే ఏరు మిగులుతుంది అంటూ కాన్పు సంగతే మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా ఆడవాళ్లు నా కడుపు వైపు చూశారు, వాళ్లను చూసి మగవాళ్లూ చూశారు. అంతమంది చూపులు మీద పడేసరికి నాకు చెమటలు పట్టాయి. సిగ్గేస్తే కొందరు తలుపు చాటుకు పోతారు, నాకు పరాచికం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే, ఎవరైనా గంభీరంగా మాట్లాడితే ఆ మాట కిందనున్న పీట లాగేయకపోతే నాకు ఊపిరాడేది కాదు.

"మామ చేతి కొలత వెడితె చాప గాదు, మొసలి గూడ సలాం కొట్టి పోతది. నా చెయ్యి వెట్టుండ్రి, కూరకన్న దొరుకుతయి," అన్నాను.

వాకిలంతా ఘొల్లుమంది. గోడ వారనున్న మా అత్త కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా మరిది ఎగిరి గంతేశాడు.

"అగో, వదినె అన్నది! పెద్దమనిషి ఇంటి కోడలే అన్నది! రాయుండ్రి, రాయుండ్రి!"

నవ్వు తగ్గేదాకా మా మామ ఆగాడు. కోపపడితే బాగుండేది, నేను ఇంకో మాట అని తప్పించుకునేదాన్ని. ఆయన నా చేతి వైపు చూశాడు, తరవాత నా ముఖం వైపు చూశాడు.

"సరే బిడ్డా. నువ్వన్నవు గద," అన్నాడు.

సంఘం రిజిస్టర్ తెచ్చి, మరాఠీలో తీర్మానం రాసి, పక్కన నా చెయ్యి పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీశారు. సంతకం పెట్టడం రాని నేను అలా ఒక నదికి చట్టాన్నయ్యాను. మర్నాటి నుంచి పొయ్యి దగ్గర జొన్నరొట్టె చేస్తుంటే "వదినె, చెయ్యి చూపు" అంటూ వలలు పట్టుకుని వచ్చేవాళ్లు, పిండి అంటిన చెయ్యి లావుగా ఉంటుందని కడుక్కొమ్మనేవాళ్లు, ఉంగరం తీయమనేవాళ్లు, వేళ్లు ఇంకొంచెం దగ్గరగా నొక్కిపెట్టమనేవాళ్లు. నాకూ గొప్పగానే ఉండేది, అబద్ధం ఎందుకు. కాన్పుకు నేను పుట్టింటికి పోయేటప్పుడు నా నాలుగు వేళ్ల కొలతకు ఒక చింతపుల్ల కోసి ఉంచుకున్నారు. బిడ్డనెత్తుకుని తిరిగొచ్చేసరికి ఆ పుల్ల నా మూడు వేళ్లకు వచ్చింది. విరిగితే చివర చెక్కామన్నారు. అది తరవాత కూడా విరుగుతూనే ఉంది.

మొదటి ఏడు పెట్టెలు నిండాయి. ఇళ్లకు రేకులు పడ్డాయి, రంగుల టీవీలు వచ్చాయి, నేనన్న మొసలి మాటను పెళ్లిళ్లలో కూడా చెప్పుకుని నవ్వేవాళ్లు. రెండో ఏడు పెట్టెలు నిండాయి గానీ చేపలు జానెడు దాటలేదు. మూడో ఏడు మడుగులోకి కూడా దిగారు, ఎండాకాలంలోనే. నాలుగో ఏడు ఐసు బండి ఒకసారి వచ్చి, చాలాసేపు ఆగి, ఐసును ఒడ్డున పారబోసుకుని వెళ్లిపోయింది. ఎవరి ఏళ్లు అని మా మరిది అడిగిన దానికి ఏరే జవాబు చెప్పింది. సరిగ్గా నాలుగేళ్లు.

ఏటికి వేరే కష్టాలు కూడా వచ్చాయి, నాకు తెలుసు. పైన ఆనకట్టలు కట్టారు, నీళ్లు తగ్గాయి, నల్లబడ్డాయి. ఆ మాట అనుకుంటే రాత్రి నిద్ర పడుతుంది. నేను చాలాకాలం అనుకున్నాను కూడా.

ఆ ఏడు తొలి వరద పోయాక మా మామ దూలం మీది నుంచి తన పాత నూలు వల దించి, దుమ్ము దులిపి, ఎవరికీ చెప్పకుండా మడుగుకు పోయాడు. అత్త జొన్న గటక మూట కట్టిస్తే పిల్లను చంకనేసుకుని నేను వెనక పోయాను. ఆయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి వల విసిరాడు. ఆ వయసులో కూడా వల గొడుగులా విచ్చుకుని గుండ్రంగా పడింది. మెల్లగా లాగాడు. ఆకులొచ్చాయి. మళ్లీ విసిరాడు, మళ్లీ లాగాడు. మూడోసారి లాగాక వలను ఒడ్డున పరిచి, చిరుగు ఉందేమోనని ప్రతి కన్నూ వేలితో తడిమి చూశాడు. చిరుగు లేదు.

"వల మంచిగనే ఉన్నది బిడ్డా," అన్నాడు. "దీనికి అందేటంత ఎదిగిన చాపనే లేదు."

అప్పుడు నా నోటికి ఒక మాట వచ్చింది. చాలా మంచి మాట, వాకిట్లో అయితే ఊరంతా నవ్వి ఉండేది, ఇప్పటికీ గుర్తుంది. మింగేశాను. ఆయనకు గటక కలిపి ఇచ్చాను, ఆయన తిన్నాడు, పిల్ల నీళ్లతో ఆడింది.

ఆ వానాకాలమే ఆయన సంఘం పెద్దరికం వదిలేసి చంద్రపూర్‌లో ఒక గోదాముకు కావలి పనికి కుదిరాడు. మా మరిది ఆటో కొన్నాడు. మా మామ ఆ తరవాత చాలా ఏళ్లు బతికాడు, నాతో చాలా మాటలు మాట్లాడాడు, కానీ ఆ సభ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే క్షమించమని అడిగేదాన్నేమో. అడగడానికి ఆయన సందు ఇవ్వలేదు, సందు చేసుకుని అడిగే ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు టీవీలో సముద్రం కూడా ఖాళీ అవుతోందని చెబుతున్నారు, ఊరంత వలలతో ఓడలు అడుగంటా ఊడ్చేస్తున్నాయట. మా మనవరాలు అంత పెద్ద సముద్రం ఎలా ఖాళీ అవుతుందని అడుగుతుంది. నాకు తెలుసు. ఎవరో ఒక ముసలాయన ఆగుదామంటాడు, ఎవరో ఎంతకని అడుగుతారు, ఎవరో ఒక పరాచికమాడతారు, అందరూ నవ్వుకుంటూ ఇళ్లకు పోతారు. మా సంఘంలో ఈ మధ్య కుర్రవాళ్లు మళ్లీ కన్ను కొలత పెట్టారు, ఈసారి ఇనుప స్కేలుతో, అది ఎవరి చేతిలో ఉన్నా ఒకటే. వానలు పోయేదాకా మడుగు జోలికి పోవడం లేదు. పిలిస్తే నేనూ పోయి గోడ వారన కూర్చుంటాను, ఎవరైనా గంభీరంగా మాట్లాడితే చివరిదాకా వింటాను. ఆ మడుగులో చేప పైకెగిరి పడిన చప్పుడు విన్నామని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నేను వినలేదు, నా చెవులు కూడా వెనకటిలా లేవు.

మా మరిది తెచ్చిన నైలాను వల ఇప్పుడు పెరట్లో బీరపాదుకు పందిరి. నైలాను గనుక ఎండకూ చివకలేదు, వానకూ చివకలేదు. కన్ను మరీ సన్నం కావడంతో పిందెలు అందులోంచి కిందికి దిగి, ఎదిగేకొద్దీ నడుము దగ్గర ఇరుక్కుని కుళ్లిపోతాయి, అందుకని బీరకాయల్ని లేతగా ఉన్నప్పుడే తెంపేయాలి.