అక్క రాసిచ్చిన అక్షరాలు

నా ఎంసీఏ ప్రాజెక్టు గుర్తుపట్టింది తెలుగు అక్షరాలను కాదు, ఒక్క మనిషి చేతిరాతను. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. నిన్న ఫోను తెర మీద వేలితో 'ధ' రాస్తే అది తడుముకోకుండా పట్టేసింది, అప్పటినుంచి మనసు అశోక్ నగర్ హాస్టల్లోనే తిరుగుతోంది.

ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాని రోజులవి. నేను నారాయణగూడలో కాలేజీకి నడిచి వెళ్లేదాన్ని. నా గదిలో ఉండే అక్క ఊరి నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుకునేది. ఇంటివాళ్లు ఇదే ఆఖరిసారి అన్నారని అన్నం తినేటప్పుడు కూడా పుస్తకం మూసేది కాదు. చేతిరాతను కంప్యూటరుకు నేర్పడం నా పని. మొదట అన్ని అక్షరాలనూ సమానంగా సేకరించాను. మా సారు చూసి, తేలిగ్గా పట్టే 'ఠ'లను ఇంకా పోగేస్తే లాభం లేదని, ఎక్కడ తడబడుతోందో ఆ అక్షరాలే ఎక్కువ తెమ్మని, అవీ రకరకాల మనుషుల చేత రాయించమని చెప్పారు. అది తడబడేది థ, ధల దగ్గర, పొట్టలో చుక్క ఉందో లేదో తేల్చుకోలేక.

ఏ అక్షరాలు కావాలో ఎంచుకోవడం వచ్చింది కానీ, కొత్తవాళ్ల ముందుకు కాగితం పట్టుకుని వెళ్లే ధైర్యం రాలేదు. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల దాకా పోయి, అక్కడ చదువుకుంటున్న వాళ్లను చూసి తిరిగొచ్చి, రోజూ అక్కనే అడిగాను. ఆమె పరీక్ష వారంలోనూ అడిగాను. పక్క గది పిల్లలు "ఏందక్కా, గ్రూప్స్ ఇడిసిపెట్టి ఒకటో తరగతిల చేరినవా?" అని నవ్వితే, "జర ఊకోండ్రి, చెల్లె పరేషాన్ అయితున్నది" అని పేజీ తిప్పి మళ్లీ రాసేది.

సారు ముందు పరీక్షించడానికి పెట్టిన కాగితాలూ అక్కవే కనుక ప్రోగ్రాం ఒక్క తప్పూ చేయలేదు, నాకు మంచి మార్కులు పడ్డాయి. ఆ వారమే అక్క రాసిన పరీక్షకు కీ వచ్చింది. అక్క జవాబులు సరిచూసుకుని, పుస్తకాలు సర్దుకుంది. నా పేజీల వల్లే పోయిందని అనలేను, కాదని కూడా అనలేను. ప్రాజెక్టు అయిపోయిందని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

ఇప్పుడు ఎక్కడెక్కడివో చేతిరాతలు ఫోనుకు అడక్కుండానే చేరుతున్నాయి, ఎవరి ముఖమూ చూడాల్సిన పనిలేదు. నేను రోజూ చూసి అడిగిన ఆ ఒక్క ముఖంలో అలసట ఉందేమోనని మాత్రం ఒక్కసారైనా వెతకలేదు. ఊరికి పోయే రోజు అక్క బ్యాగు గుమ్మంలో దించి, బస్సుకు ఇంకా సమయముందని మళ్లీ లోపలికి వచ్చి, నా బల్ల మీది పెన్ను చేతిలోకి తీసుకుని అడిగింది: "ఇంకేమన్న రాసియ్యాల్నా, చెల్లె?"