ఆరు నుంచి మొదలయ్యే స్క్రూ

“…ఇడిచిపెట్టనిదే మంచిదైతే నీ మోకాలు గట్లెందుకైంది మరి?” అంటోంది గంగుబాయి.

“అది బైండింగ్ తప్పు కాదవ్వా. నేనే స్క్రూ ఆఖరు దాక తిప్పిన,” అంది మనవరాలు తృప్తి.

“అదే చెప్తున్న. కొత్తది తెచ్చినా తిప్పేది నువ్వే గద.”

గడప బయట పెంటప్ప చెప్పులు తొడుక్కుంటున్నాడు. షిఫ్టుకు టైమైంది. రెండో చెప్పు తొడగడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది.

అశోక్ చౌక్ వెనక సందులో ఉన్న ఆ ఇంట్లో, నీళ్ల డ్రమ్ము పక్కన గోడకు ఆనించి రెండు స్కీలు ఉంటాయి. బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్ నుంచి వచ్చే చుట్టాలు అవి మగ్గం సామాననుకుంటారు. పెంటప్ప కాదనడు. కాదంటే మంచు దగ్గర్నుంచి చెప్పుకురావాలి. సోలాపూర్‌లో మంచంటే గోలా బండి మీద గీకి ఇచ్చేదే.

పెంటప్ప తండ్రి చేతిమగ్గం మీద చద్దర్లు నేశాడు. పెంటప్ప పవర్‌లూమ్ మీద టవళ్లు నేస్తాడు. కూతురు తృప్తి కాలేజీలో ఎన్‌సీసీలో చేరితే వాళ్లు స్కీ నేర్చుకోమని కాశ్మీర్ పంపారు. చలికి తట్టుకోలేక వారంలో వచ్చేస్తుందని గంగుబాయి వాడంతా చెప్పింది. తృప్తి రాలేదు. అప్పటి నుంచి ఏటా చలికాలమంతా గుల్మర్గ్‌లో ఒక స్కీ దుకాణంలో ఉండి, వచ్చినవాళ్లకు జారడం నేర్పుతుంది. ఎండలు మొదలయ్యాక ఇంటికొచ్చి అవ్వ పక్కన కూర్చుని బీడీలు చుడుతుంది. బీడీలు అంత బాగా చుట్టదు.

పోయిన చలికాలం ఎగిరి దూకి దిగుతున్నప్పుడు పడింది. బూటును స్కీకి పట్టి ఉంచేది బైండింగ్. ఎంత గట్టిగా పట్టాలో దాని మీది స్క్రూ తిప్పి పెడతారు, నంబరు పెరిగితే పట్టు పెరుగుతుంది. కాలు మెలిపడితే అది బూటును వదిలెయ్యాలి. వదల్లేదు. స్కీ ఒక వైపు తిరిగింది, మోకాలు ఇంకో వైపు తిరిగింది. వానాకాలమంతా తృప్తి గోడ పట్టుకుని నడిచింది.

ఇప్పుడు దుకాణం మాలక్ ఫోన్ చేశాడు. కొత్త బైండింగులు తెప్పిస్తున్నాడు, ఏది కావాలో ఇవాళ చెప్పాలి. ఫ్రీస్టైల్‌ది తీసుకుంటే దూకడం నేర్పే క్లాసు ఆమెదే. తృప్తి దాని కోసమే మూడేళ్లుగా అడుగుతోంది. ఆల్-మౌంటెన్‌ది తీసుకుంటే, ఎప్పటిలాగే హనీమూన్‌కు వచ్చినవాళ్ల చెయ్యి పట్టుకుని వాలు దింపాలి.

పెంటప్ప చెప్పులతోనే గడప మీద నిలబడ్డాడు. “రెంటికి ఫరక్ ఏంది?”

తృప్తి ఫోన్‌లో బొమ్మలు చూపించింది. “ఇది దుంకేటోళ్లది బాపు. మడమ దగ్గర మొత్తం ఇనుమే. దిగినప్పుడు బూటు జరంత పక్కకు జరిగినా మల్ల జాగాల కొస్తది, ఊకనే ఊడదు. ఇంకోటి తేలిక. గట్టి మంచు, మెత్తటి మంచు, చెట్ల నడుమ, కొండంత తిరిగెటందుకు.”

“గట్టిదే తీస్కో మరి.”

“శాబాస్,” అంది గంగుబాయి. “తండ్రంటే గిట్లుండాలె.”

“కాని దాని స్క్రూ మీద నంబరు ఆరు నుంచి మొదలైతది,” అంది తృప్తి. “నా బరువు, ఎత్తు, బూటు పొడుగు చూస్తే నాకు ఐదొస్తది. ఇంకోటైతే మూడు నుంచే ఉంటది.”

“ఆరు మీద పెడ్తే ఏమైతది?” అన్నాడు పెంటప్ప.

“ఇడిచేటప్పుడు లేటైతది.”

“ఎంత?”

“పోయినేడంత కాదు.”

గంగుబాయి బీడీలు చుట్టే చాట ఒళ్లోంచి దించి కింద పెట్టింది. ఆ ఇంట్లో చాట కింద పెట్టడమంటే గొంతు పెంచడం కిందే లెక్క. “మల్ల మోకాలు పోతే కాశ్మీర్ లేదు, ఏం లేదు. ఈడనే కూసోని ఆకు కత్తిరియ్యాలె.”

పెంటప్ప స్కీల వైపు చూశాడు. “ఊకె ఊడుతుంటే బిగియ్యాలని నీకెవరు నేర్పిండ్రు బిడ్డా?”

“నువ్వే బాపు.”

పెంటప్ప షిఫ్టుకు వెళ్లిపోయాడు.

కార్ఖానాలో పెంటప్ప మగ్గానికి ఒక ఫోర్కు ఉంటుంది. పేక, అంటే అడ్డపోగు, తెగితే అది మగ్గాన్ని ఆపాలి. పాత మగ్గం కావడంతో పేక తెగకపోయినా ఆపుతుంది. ఆగినంతసేపూ నేత లేదు, నేత లేకపోతే కూలి లేదు. అందుకే అక్కడ అందరూ ఫోర్కును దారంతో కట్టేస్తారు. తృప్తి చిన్నప్పుడు తిండి డబ్బా తెచ్చినప్పుడల్లా, పెంటప్ప దారం చుట్టి ఆగేవాడు. ముడి జారకుండా తృప్తి దాని మీద వేలు పెట్టేది. పెంటప్ప బిగించేవాడు.

మధ్యాహ్నం తృప్తి డబ్బా తెచ్చింది. మెట్టు ఎక్కేటప్పుడు ఇప్పటికీ ముందు మంచి కాలే వేస్తుంది. పెంటప్ప రొట్టె విరుస్తుండగా పేక తెగింది. ఫోర్కు కట్టేసి ఉంది, మగ్గం ఆగలేదు. పెంటప్ప లేచి చెయ్యి కడుక్కుని ఆపేసరికి, టవలు మధ్యలో జానెడు మేర నిలువు పడుగు పోగులు మాత్రమే ఉన్నాయి. అవతలి గోడ కనిపిస్తోంది.

తృప్తి ఆ సందులోంచి కాసేపు గోడను చూసింది.

పెంటప్ప ఖరాబైన మేర వెనక్కి తిప్పాడు. పేక మళ్లీ అందించాడు. ఈ గుంజులాటలో ఫోర్కు దారం ఊడిపోయింది. జేబులోంచి కొత్త దారం తీసి చుట్టి, ఎప్పటిలాగే ఆగాడు. వేలు రాలేదు. తృప్తి చేతులు రెండూ డబ్బా మూత మీద ఉన్నాయి. పెంటప్ప ఒక కొసను పళ్ల మధ్య పట్టుకుని, రెండో కొసను చేత్తో లాగి ముడి వేసుకున్నాడు. మగ్గం నడిచింది.

తృప్తి ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లి, చాలాసేపటికి తిరిగొచ్చింది. ఆమె చెప్పింది మగ్గాల చప్పుడులో పెంటప్పకు వినపడలేదు. చెవి దగ్గరకు వచ్చి మళ్లీ చెప్పింది.

“ఆల్-మౌంటెన్‌దే చెప్పిన బాపు. ఐదు మీద పెట్టిస్తున్న. ఈయేడు దుంకుడు క్లాసు తీస్కోను.”