అన్నయ్య చెవిలో గొట్టం

మా అన్నయ్యకు వినికిడి తగ్గుతోందని వదిన చెప్పేదాకా నాకు తెలియదు. రోజంతా పక్కపక్కనే పనిచేస్తూ గమనించని నన్ను ఏమనాలో మీరే అనుకోండి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ ముక్కుకు అటూ ఇటూ ఉన్న కళ్లు మాత్రం దేనికీ పనికిరావు.

"టీవీ ఎంత పెద్దగా పెట్టినా మీ అన్నయ్యకి చాలట్లేదయ్యా. నీకు తెలుసని తెలిస్తే చిన్నతనంగా ఉండి షెడ్డుకి రావడం మానేస్తారు. నీ మొహంలో కూడా తెలియనివ్వకు" అంది వదిన.

మా మెకానిక్ షెడ్డులో పేరు అన్నయ్యది, అరుపులు నావి. ఇంజన్ మీద ఆఖరి మాట ఎప్పుడూ అన్నయ్యదే. పని అయ్యాక రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసను అతుకుల వెంట తిప్పుతాడు. ఎక్కడైనా గాలి పీలుస్తుంటే బుస్సుమంటుంది. ఆ పని లేకపోతే మా అన్నయ్య మనిషి కాడు.

వదిన ఆ మాట చెప్పిన రోజే కూరగాయలమ్మే ఆవిడ పికప్ బండి వచ్చింది. ఇంజన్‌లోకి గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ పగిలింది. కొత్తది వేయాలి. మర్నాడు పొద్దున్నే సరుకుతో కొండ ఎక్కాలట.

"మధ్యలో ఆగిపోతే సరుకంతా కుళ్లిపోతుందన్నా" అందామె.

"మా అన్నయ్య చెయ్యి పడ్డాక ఆగిన బండి లేదులేమ్మా" అన్నాను. నా నోటికి తాళం లేదు కదా.

పాతది ఊడదీశాం. ఇంజన్ రంధ్రాల్లో చెత్త పడకుండా గుడ్డలు కుక్కి, అతుకులో గాలి దూరకుండా వేసే గాస్కెట్ అట్ట, పాతది అంటుకుపోయి ఉంటే నేను గీకాను. గుడ్డలు తీసేశాక అన్నయ్య కొత్త గాస్కెట్ పరిచి, దాని మీదికి మానిఫోల్డ్‌ను నిద్రపోయే పసిపిల్లను దించినట్టు దించాడు. నడిమి బోల్టులతో మొదలుపెట్టి అంచులకు వస్తూ కొంచెం కొంచెంగా బిగించాడు. ఒకేసారి బిగిస్తే వంకరపోతుందని నాకు చెప్పీ చెప్పీ అలిసిపోయాడు, పాపం.

ఇంజన్ స్టార్ట్ చేశాను. అన్నయ్య గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. వెనక అంచు దగ్గరికి రాగానే ఎదురుగా నిలబడ్డ నాకే సన్నగా బుస వినిపించింది. వదిన మాట గుర్తొచ్చి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

అన్నయ్య నావైపు ఓసారి చూసి గొట్టం చుట్టేశాడు.

"బాగుంది. బానెట్ దించు."

దించితే ఆమె కొండ మీద ఇరుక్కుంటుంది. నోరు విప్పితే నీకు చెవులు పోయాయని అన్నయ్యకు నేనే చెప్పినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ఇంజన్ ఆపేశాను.

"అన్నయ్యా, వెనకవైపు గాలి పీలుస్తోంది."

అన్నయ్య బోల్టులు విప్పి మానిఫోల్డ్ పైకెత్తాడు. గాస్కెట్ అంచు మడతపడి ఉంది.

"ఇందాకే విన్నావా?"

"విన్నాను."

"మరి మూతి ముడవలేదేం?"

నాకు అర్థం కాలేదు.

"ఆ బుస నాకు వినపడి చాలా కాలమైందిరా. గొట్టం నా చెవిలో పెట్టుకున్నా నేను చూసేది నీ మొహమే. ఎక్కడ తేడా ఉన్నా మొహం చిట్లిస్తావు. దాచుకోవడం నీకు చేతకాదు. ఆ ధైర్యంతోనే పనిలోకి వస్తున్నా. ఇవాళేంటి, నామీద జాలిపడ్డావా?"

నాకు ఏడుపొచ్చింది. "వదిన చెప్పొద్దంది" అన్నాను.

"మీ వదినకేం చెప్పకు. నా దగ్గర మాత్రం మొహం దాచకు. నువ్వు దాస్తే నేను నిజంగానే చెవిటివాణ్ణయిపోతాను."