బంతి వదిలి టోపీలు రాసినవాడు

ఫినియస్ క్రౌలీకి ఒకటే జబ్బు. బేస్‌బాల్ ఆట చూసి రాయమని పత్రికవాళ్ళు జీతమిచ్చి పంపితే, ఆట వదిలేసి ఆడవాళ్ళ టోపీల గురించి రాసుకొచ్చేవాడు.

అదీ ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు. "బంతి ఆకాశానికెగిరింది. మనవాడు చేతులు చాచి దాని కింద నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పోస్టుమాస్టరు భార్య టోపీ మీది చెర్రీపళ్ళు నా కంటబడ్డాయి" అని మొదలెట్టి, పేరా నిండా చెర్రీలు కాయించేవాడు. ఎగిరిన బంతి ఎగిరినట్టే ఉండిపోయేది.

ఓహాయో నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో మంగలి దుకాణం నుంచి మగాళ్ళు సగం గడ్డాలతో లేచొచ్చి పేపరు వీధిలోకి విసిరేవాళ్ళు. ఆడవాళ్ళు ఏరుకుని చదివేవాళ్ళు.

అతను అద్దెకున్న ఇల్లు హొనోరా గిల్రాయ్‌ది. ఎదురింటి గిన్నెలో ఏం ఉడుకుతోందో మూత తీయకుండా చెప్పగల మనిషి ఆమె. ఈ టోపీల గుట్టు మాత్రం అంతు చిక్కలేదు.

"నాయనా ఫినియస్, పెళ్ళి మీదికి గానీ మనసు పోయిందా?"

"లేదమ్మా."

"పోనీ టోపీల కొట్టు పెట్టాలనుందా?"

"ఆ బంగాళాదుంపలు కాస్త ఇటు జరపండి."

ఒకనాడు పాస్టరు గారి భార్య భోజనానికొచ్చింది. కాల్చిన బాతును పళ్ళెంలో పెట్టి తెస్తూ హొనోరా పిల్లిని తన్నుకుని తూలింది. బాతు జారి బల్ల కిందికి పోయింది. ఎవరూ తల తిప్పకముందే ఫినియస్ మాటందుకున్నాడు.

"అమ్మగారూ, మీ టోపీ మీది పిట్ట కదిలినట్టుందే."

అందరూ టోపీ మీదికి వంగారు. మళ్ళీ ఇటు తిరిగేసరికి బాతు ఏమీ ఎరగనట్టు పళ్ళెంలో పడుకుని ఉంది.

"ఎక్కడ కదిలింది బాబూ?" అంది పాస్టరు భార్య.

"నా భ్రమేమో లెండి. బాతు ఇలా ఇవ్వండి."

ఇంతలో సంపాదకుడు స్ట్రౌడ్ తెగేసి చెప్పాడు. "ఇంకొక్క టోపీ అచ్చులో కనబడిందా, నీ టోపీ పుచ్చుకుని బయటికి నడువు." ఫినియస్‌కి ఇంకో పని రాదు. ఇదివరకోసారి లాడాలు కొట్టడానికి పోతే గుర్రాలే ఒప్పుకోలేదట.

ఆ వారమే నది అవతలి ఊరితో పెద్ద ఆట. ఫినియస్ అక్కడి నుంచి టెలిగ్రాములు కొడుతుంటే, పత్రికాఫీసు మేడ మీంచి గుమాస్తా గొట్టం నోట పెట్టుకుని చదువుతున్నాడు. కింద ఊరంతా చేరింది. హొనోరా పక్కన బెర్తా నిలబడింది, నిండు చూలాలు. ఆమె మొగుడు ఆగస్ట్ ఆ జట్టులోనే ఆడుతున్నాడు. నిరుడు, ఫినియస్ పత్రికలో చేరకముందు, ఆగస్ట్ ఒక బంతి వదిలేసినందుకు ఎవరో వాళ్ళ కిటికీ అద్దాలు పగలగొట్టారు.

"బంతి పైకి లేచింది," చదివాడు గుమాస్తా. "ఆగస్ట్ దాని కిందికి పరిగెత్తాడు."

బెర్తా హొనోరా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తరవాతి టెలిగ్రాం వచ్చింది.

"ఇక్కడి మేయరు భార్య టోపీ మీద నిండు అడవికోడి కూర్చుంది. దాని ఒక కన్ను మన ఊరి వైపు, రెండోది వాళ్ళ ఊరి వైపు చూస్తోంది."

"బంతి ఏమైందిరా?" అని జనం అరిచారు. కిటికీలో స్ట్రౌడ్ మొహం బీట్‌రూట్ అయింది.

హొనోరాకి బల్ల కింది బాతు గుర్తొచ్చింది. ఓహో, అక్కడ బాతు కింద పడిందన్నమాట, అనుకుంది. వెంటనే గొంతు పెంచింది.

"ఆ కోడి తోక ఏ రంగో కనుక్కో నాయనా."

"కోడిపెట్టా, పుంజా?" అన్నాడు మాంసం కొట్టువాడు.

"మేయరు పెళ్ళాం నెత్తెక్కాక ఏదైతేనేం" అన్నాడు ఇంకొకడు. నవ్వులు లేచాయి. ఓడిపోయారన్న కబురు వచ్చేసరికి సగం ఊరు కోడి గురించే కొట్టుకుంటోంది.

"ఆగస్ట్ ఏం చేశాడు పిన్నీ?" అడిగింది బెర్తా.

"కోడిని చూస్తూ నిలబడి ఉంటాడే. పద ఇంటికి."

ఆ వేళ ఏ కిటికీ పగల్లేదు. మర్నాడు ఫినియస్ వచ్చి పెట్టె సర్దుకోవడం మొదలెట్టాడు. హొనోరా గుమ్మంలో నిలబడి అడిగింది.

"ఆ కోడి ఎంత ఉంటుందేమిటి?"

"కోడీ లేదు, టోపీ లేదమ్మా. మేయరు భార్య అసలు ఆటకే రాలేదు."

హొనోరా గుమ్మానికి చేరగిలబడింది. పొద్దున్నే టోపీల కొట్టు మిస్ పకెట్‌కి అలాంటి కోడి టోపీయే చేసిపెట్టమని చెప్పొచ్చింది. తనొక్కతే కాదు, ఆ వీధి వీధంతా చెప్పింది. మిస్ పకెట్ ఆనందం పట్టలేక పత్రికలో పేజీ నిండా ప్రకటన వేయించింది. ప్రకటన చూసి స్ట్రౌడ్ కోపం మింగాడు. ఫినియస్ పెట్టె మళ్ళీ మంచం కిందికి చేరింది.

తరవాతి ఆటకి ఆడవాళ్ళంతా నెత్తిన కోళ్ళతో ముందు వరసల్లో కూర్చున్నారు. వెనకవాళ్ళకి ఈకలు తప్ప ఆట కనబడలేదు. ఆ రోజే ఆగస్ట్ గాలిలోకెగిరి ఒంటి చేత్తో బంతి పట్టాడు. ఊళ్ళో బతికున్న కోళ్ళు కూడా అరిచేంత గోల అయింది.

మర్నాడు పేపరు నిండా ఆగస్టే. అతని పరుగు, అతని చెయ్యి, అరచేతిలో బంతి పడ్డ చప్పుడు. వెతికినా ఒక్క టోపీ లేదు.

"అతనికి కళ్ళు పోయాయా? నా నెత్తి మీద రెండు కోళ్ళున్నాయి" అని పోస్టుమాస్టరు భార్య మండిపడింది.

హొనోరా భోజనాల వేళ బాతు తొడ కోసి ఫినియస్ పళ్ళెంలో వేసింది.

"తిను నాయనా. ఇది కింద పడలేదు."