అంగుళం లేని టేపు

కాలర్ మాస్టారు తన మెడలోని క్యాన్సర్‌ను కొలతల టేపుతో తగ్గించుకున్నారు. సరే, తగ్గించింది మందే, టేపు సాక్ష్యం చెప్పిందంతే. అదీ పూర్తి నిజం కాదు. తీరా సాక్ష్యం చెప్పాల్సిన రోజున ఆ టేపు తడుముకోకుండా అబద్ధమాడింది.

మెట్ల కింద ఇరుకు గది ఆయన దుకాణం. ఒక మిషను, ఒక బల్ల, గోడ నిండా సగం కుట్టిన చొక్కాలు. చొక్కా ఎవరు కుట్టినా కాలర్ మాత్రం ఆయనే కుట్టాలని పేరు. ఆయన కత్తిరిస్తుంటే భార్య గుమ్మం పక్కన పీట మీద కూర్చుని కాజాలు కుడుతుంది. టేపు మాత్రం ఆయన మెడ దిగదు. ఇంకొకరు ముట్టుకుంటే కొలత అలుగుతుందని ఆయన వాదన. నలభై ఏళ్లు అందరి మెడలూ కొలిచిన మనిషికి గడ్డ కూడా మెడలోనే లేచింది.

“దానికీ మంచి కాలర్ కావాలేమో,” అన్నారాయన.

ఆర్నెల్లు ఇంజెక్షన్లు ఎక్కించారు. జుట్టంతా పోయింది. గడ్డ పోయినట్టే పోయి, ఏదో మరచిపోయినట్టు మళ్లీ వచ్చింది. అప్పుడు డాక్టరమ్మ కొత్త మాత్రల సంగతి ఎత్తింది. వాటికింకా పేరు పెట్టలేదు, నంబరే ఉంది.

“ఇది ట్రయల్, మాస్టారూ. పనిచేస్తుందో లేదో చూడ్డానికే ఇస్తాం. బలవంతమేం లేదు.”

మాస్టారి మొహం విప్పారింది. “ట్రయలా? ఆ మాట ముందే చెప్పొద్దూ? ట్రయల్ చూడకుండా నేను ఒక్క కోటు కూడా ఇవ్వలేదు.”

“అది వేరు, ఇది వేరండీ,” అంది భార్య.

“ఏం వేరు? కచ్చాకుట్టు వేసి ఒంటిమీద పెట్టి చూస్తారు. కుదిరితే గట్టికుట్టు, కుదరకపోతే విప్పేస్తారు.”

“విప్పేది మందునా, మిమ్మల్నా?”

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. “మందునే అమ్మా. గడ్డ పెరిగితే ఆపేయాలి, అది నియమం. ఆ తర్వాత ఇవ్వడానికి నా దగ్గర ఇంకో మందు లేదు. ఆ సంగతి దాచను.”

మాస్టారు ఇరవై పేజీల కాగితాలనూ, బట్టలో చిరుగులు వెతికినట్టు వెలుతురుకు పట్టి చదివి సంతకం పెట్టారు.

రోజూ ఒంట్లో ఎలా ఉందో రాయమని ఒక పుస్తకం ఇచ్చారు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని గళ్లున్నాయి. ఆ గళ్లు ఆయనకు అచ్చిరాలేదు. “కడుపు: కాస్త బిగుతు. నీరసం: మోకాళ్ల దగ్గర జారుతోంది. కాలర్: పదిహేడు,” అని రాశారు. నెలకు పదహారున్నర, రెండో నెలకు పదహారు. పెళ్లినాటి కాలర్ పదిహేను. డాక్టరమ్మ మిగతా పేజీ చదవకముందే కాలర్ చూడటం అలవాటు చేసుకుంది.

మూడో నెలలో ఆయన వేళ్లకు తిమ్మిరి పట్టింది. సూదికీ దారానికీ తేడా తెలియడం లేదు. మిషను మీద గుడ్డ కప్పి, పొద్దంతా వీధి చూస్తూ కూర్చున్నారు. కొలత రోజు వచ్చింది. జీవితంలో మొదటిసారి టేపు తీసి భార్య చేతికిచ్చారు. ఆవిడ ఊపిరి బిగబట్టి కొలిచి రాసింది: పదహారున్నర.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ పుస్తకం తెరిచి, కాలర్ చూసి, పుస్తకం పక్కన పెట్టింది. మెడ తడిమి చూసింది, ఏమీ తేల్చలేదు. “స్కాన్ చేద్దాం. పెరిగిందని తేలితే మాత్రం...” అని ఆగింది.

స్కానయ్యాక నడవలో బెంచీ మీద కూర్చున్నారిద్దరూ. భార్య కొంగు చివరను కాజాకుట్టులా చుడుతూ విప్పుతూ ఉంది.

“నా చెయ్యే మంచిది కాదు,” అంది.

“నీ చెయ్యి ఏం చేసింది? కొంచెం గట్టిగా లాగి ఉంటావు. అసలు ఎక్కడ్నుంచి పట్టావు?”

“కొసనుంచే. ఇంకెక్కడ్నుంచి పడతారు?”

మాస్టారు మెడలోని టేపు కొస పట్టుకుని చూశారు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారనుకుని ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. ఆయన నవ్వుతున్నారు.

“ఈ టేపుకు మొదటి అంగుళం లేదే పిచ్చిదానా. పదేళ్లకిందట కత్తెరలో పడింది. ఒకటి తీసేసి చెప్పుకోవాలి.”

“పదేళ్లా? నాకెందుకు చెప్పలేదు?”

“టేపు తెగ్గోసుకున్న టైలరని తెలిస్తే ఎవరొస్తారు?”

“పదిహేనున్నర,” అంది ఆవిడ, వేళ్ల మీద లెక్కపెట్టి. తర్వాత ఆయన భుజం మీద ఒక్కటి వేసింది.

డాక్టరమ్మ టేపును స్కేలు పక్కన పెట్టి చూసి, స్కాను వచ్చేదాకా నమ్మనంది. స్కాను వచ్చింది. గడ్డ మూడో వంతు తగ్గింది. పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు, ఆయనా అడగలేదు. వేళ్ల తిమ్మిరి చూసి మోతాదు కాస్త తగ్గించి మాత్రలు కొనసాగించారు. కచ్చాకుట్టు ఒంటిమీదే ఉంది.

వేళ్లకు సగం స్పర్శ తిరిగొచ్చింది, మిషను మీద గుడ్డ తీశారు. భార్య కొత్త టేపు కొంది. అలవాటు కొద్దీ ఆయన దాంట్లోనూ ఒకటి తీసేశారు. ఆ నెలంతా వీధిలో మగవాళ్లు పై బొత్తాం పెట్టుకోలేకపోయారు.

ఇదంతా నిజమేనా అని ఎవరైనా అడిగితే, మాస్టారు కళ్లజోడు మీదుగా చూస్తారు. “అంతా కట్టుకథ. నా టేపు ఎప్పుడూ తెగలేదు. నా మెడ నేనెన్నడూ కొలుచుకోలేదు. ఈవిడ నా టేపు ముట్టనేలేదు. గడ్డం పైకెత్తండి, కాలర్ చూడాలి.”